కేఫ్ కుర్చీలో కూర్చున్నవాళ్ళు

టిమ్ క్రాబే రాసిన ‘ది రైడర్’ నవలని నేను రెండుసార్లు చదివాను. రెండిటికీ మధ్య ఐదేళ్ళు. మొదటిసారి చదివినప్పుడు వారానికి పది, పన్నెండు గంటలు సైకిల్ తొక్కుతూ, ఏడాదికి ఆరేడు పందేల్లో దిగేవాణ్ణి. రెండోసారి చదివేనాటికి నా సైకిల్ బాల్కనీలో, ఆరేసిన బట్టల వెనక, రెండు టైర్లలోనూ గాలి లేకుండా పడి ఉంది. పుస్తకం అదే. కానీ ఈసారి మొదటి పేజీ దగ్గరే దానితో గొడవ మొదలైంది.

ఆ పేజీలో జరిగేది చాలా చిన్న విషయం. 1977 జూన్ 26. దక్షిణ ఫ్రాన్స్ కొండల్లో మెయ్రుయెస్ అనే చిన్న ఊరు. కథకుడు కారులోంచి సామాను దించి సైకిల్ బిగించుకుంటున్నాడు. పక్కనే కేఫ్‌ల ముందు కూర్చున్న టూరిస్టులు, ఊరివాళ్ళు అతన్ని చూస్తున్నారు. వాళ్ళు పందెం తొక్కనివాళ్ళు. వాళ్ళ బతుకుల్లోని ఖాళీతనం చూసి అతను అదిరిపోతాడు. అంతే, పేరా అయిపోయింది.

మొదటిసారి ఆ పేరా చదివి ఎగిరి గంతేశాను. ఫోటో తీసి మా సైకిల్ గ్రూపులో పెట్టాను. నాతోపాటు తొక్కే పదిమందీ వేళ్ళు పైకెత్తిన బొమ్మలు పంపారు. మేమందరం రైడర్లం, మిగతా హైదరాబాద్ అంతా కేఫ్ కుర్చీల్లో కూర్చుని ఉంది! ముప్పై దాటని వయసులో, తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి రోడ్డెక్కేవాళ్ళకి ఆ మాత్రం పొగరు ఉండకపోతే ఎలా?

*

ముందు పుస్తకం సంగతి చెప్తాను. క్రాబే 1943లో పుట్టిన డచ్ రచయిత. సైకిల్ పందేల్లోకి రాకముందు నెదర్లాండ్స్‌లో పేరున్న చెస్ ఆటగాడు. 1984లో అతను రాసిన ‘ది గోల్డెన్ ఎగ్’ అనే నవలికని తర్వాత జార్జ్ స్లూయిజర్ ‘స్పూర్లోస్’ పేరుతో సినిమాగా తీశాడు. థ్రిల్లర్లు ఇష్టపడేవాళ్ళకి ఆ సినిమా తెలిసే ఉంటుంది. ‘ది రైడర్’ అంతకన్నా ముందుది. డచ్‌లో 1978లో వచ్చింది. శామ్ గారెట్ చేసిన ఇంగ్లీషు అనువాదం 2002లో వచ్చింది. నేను చదివింది అదే.

నూటయాభై పేజీల లోపు పుస్తకం. అందులో ఒకే ఒక్క పందెం ఉంటుంది. దాదాపు 140 కిలోమీటర్లు, మోంట్ ఎగ్వాల్ అనే శిఖరం మీదుగా. అధ్యాయాలకి పేర్లుండవు, కిలోమీటర్ రాళ్ళే ఉంటాయి. కథకుడి పేరు కూడా టిమ్ క్రాబేనే. అతను తను తొక్కిన ప్రతి పందేన్నీ నంబర్ వేసి డైరీలో రాసుకుంటాడు. ఇది 309వది. తొక్కుతూ తొక్కుతూ మధ్యలో చిన్నప్పటి సంగతులు, పాత ఛాంపియన్ల కథలు, పక్కనున్నవాళ్ళ మీద కచ్చ, చక్రానికున్న పళ్ళ లెక్కలు చెప్పుకుంటూ పోతాడు. ఎత్తు బాగా పెరిగి ఊపిరి ఆడనప్పుడు ఆలోచన ముక్కలైపోయి, అర్థం లేని మాటలు కొన్ని బుర్రలో గుండ్రంగా తిరుగుతుంటాయి. పందెం తొక్కిన ఎవరికైనా ఇది వంద శాతం నిజమని తెలుసు. నా బుర్రలో ఒకసారి ఇరవై నిమిషాలపాటు ఒక సబ్బు ప్రకటన పాట తిరిగింది, అందులోనూ ఒక్క పాదమే.

ఇతను ప్రొఫెషనల్ కాదు, అమెచ్యూర్. పందేల్లోకి వచ్చిందే ముప్పైకి అటూఇటూ వయసులో. పదిహేను, పదహారేళ్ళకే మొదలుపెట్టేవాళ్ళ ఆట ఇది. అతను రైలెక్కేసరికి సగం స్టేషన్లు దాటిపోయాయి. ఎంత తొక్కినా టూర్ ద ఫ్రాన్స్‌కి వెళ్ళేది లేదు. ఆ సంగతి అతనికీ తెలుసు. ఈ పుస్తకం గురించి మాట్లాడేవాళ్ళు ఎక్కువగా నొప్పి గురించి మాట్లాడతారు; బాధని ప్రేమించడం, బాధకి ప్రకృతి ఇచ్చే బహుమతి వగైరా. నేనూ మొదటిసారి అలాగే చదివాను. కథకుడి వయసుని అసలు పట్టించుకోలేదు.

*

2019లో మోకాలు నొప్పితో రెండు నెలలు మానేశాను. ఆ రెండు నెలలు అయ్యేలోపు పాప పుట్టింది. తర్వాత లాక్‌డౌన్, ఆ తర్వాత అమెరికా టైమింగ్స్‌లో నడిచే ప్రాజెక్టు. రాత్రి ఒంటిగంటకి కాల్ ముగించినవాడు నాలుగున్నరకి లేవడు. ఏదో ఒకరోజు కూర్చుని, ఇక మానేస్తున్నాను అని నిర్ణయించుకున్నదేమీ లేదు. మానేసినవాళ్ళెవరూ అలా నిర్ణయించుకోరనుకుంటాను. వచ్చే నెల చూద్దాం అనే మాట నలభై ఎనిమిదిసార్లు అనుకుంటే నాలుగేళ్ళు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం పొద్దున గండిపేట వైపు వెళ్ళాం. రోడ్డు పక్కన టీకొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. పాప నా ఒళ్ళో ఉంది. ఉస్మానియా బిస్కెట్‌ని టీలో ముంచుతుంటే అది విరిగి లోపల పడిపోయింది, దానికోసం ఏడుస్తోంది. అప్పుడే ఒక పదిహేనుమంది గుంపుగా వచ్చారు. ఆ చప్పుడు ముందు వినపడుతుంది, తేనెటీగల్లా. ఏడుపు ఆపి పాప వాళ్ళని చూసింది. “నాన్నా, నీకు కూడా సైకిలుంది కదా?” అంది. ఆ గుంపులో చివర ఉన్న కుర్రాడు మావైపు తిరిగి ఒక్క క్షణం చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. చాలామందివైపు నేను చూసిన చూపే అది.

ఆ రాత్రి ‘ది రైడర్’ మళ్ళీ తీశాను. మొదటి పేజీలో ఆగిపోయాను. ఖాళీ బతుకు ఎవరిదయ్యా? ఆ కేఫ్ ముందు కూర్చున్నవాళ్ళలో పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నవాడు ఒక్కడూ లేడా? ఐదు రోజులు పొలంలోనో ఫ్యాక్టరీలోనో పనిచేసి, ఆదివారం పూట కాళ్ళు చాపుకున్నవాడు లేడా? నేనెంతగా మెచ్చుకున్న పేరా ఇది! ఇప్పుడు చదివితే, వీధిలో వెళ్తున్నవాడెవడో నా మొహం మీదకి నీళ్ళు విసిరినట్టుంది.

పుస్తకం మూసేసేవాణ్ణే. కానీ ఒక అనుమానం వచ్చింది. చిన్నప్పటినుంచీ పందేల్లోనే పెరిగినవాడికి కేఫ్ కుర్చీలు కనపడతాయా? వాడికవి కరెంటు స్తంభాల్లాగా రోడ్డుపక్క సామాను మాత్రమే. వాటిలో కూర్చున్నవాళ్ళని పట్టిపట్టి చూసి, వాళ్ళ బతుకుల్ని బేరీజు వేసేది ఎవడు? నిన్నటిదాకా ఆ కుర్చీలో కూర్చున్నవాడే. క్రాబే ముప్పై ఏళ్ళు కూర్చున్నాడు. తన వయసు కుర్రాళ్ళు కొండలెక్కుతున్న రోజుల్లో అతను గదిలో చెస్ బోర్డు ముందున్నాడు. ఆ పేరాలో అతను అదిరిపడింది పరాయివాళ్ళ బతుకు చూసి కాదని, తను పోగొట్టుకున్న ఏళ్ళు చూసి అని ఇప్పుడనిపిస్తుంది. ఆ ధిక్కారం వెనక గట్టి భయం ఉంది. మళ్ళీ ఆ కుర్చీలోకి పోతానేమోనన్న భయం.

అలా చదివితే పుస్తకంలో చాలా విషయాలు కుదురుకుంటాయి. అతను పందేలకి నంబర్లు ఎందుకు వేసుకుంటున్నాడు? పోగొట్టుకున్నవి లెక్క తెలియవు కాబట్టి, దక్కినవి లెక్కపెట్టుకుంటున్నాడు. పందొమ్మిదేళ్ళకే మొదలుపెట్టినవాడు 309 అని రాసుకోడు. వాడికి పందేలు నల్లాలో నీళ్ళలాంటివి.

*

ఈ పుస్తకంలో అందరికీ గుర్తుండే పిట్టకథ ఒకటుంది. ఐదుసార్లు టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన జాక్ అంక్తీల్, కొండ మొదలవగానే సైకిల్‌కున్న నీళ్ళ సీసా తీసి తన చొక్కా వెనక జేబులో పెట్టుకునేవాడట. సైకిల్ తేలికైతే తొందరగా ఎక్కొచ్చని. సీసా సైకిల్ మీదుంటే ఏంటి, మనిషి మీదుంటే ఏంటి? మోసేది ఒకే కాళ్ళు కదా. ఇంజనీరింగ్ చదివినవాడికి నవ్వొచ్చే లెక్క ఇది. క్రాబేకి ఈ కథ చెప్పింది అంక్తీల్ పాత సహచరుడు. క్రాబే వెళ్ళి పాత ఫోటోలు తిరగేశాడు. ప్రతి ఫోటోలోనూ సీసా సైకిల్ మీదే ఉంది. అయినా కథే నిజం, ఫోటోలే తప్పు అంటాడు. రైడర్ మనసు ఎలా పనిచేస్తుందో ఆ కథకి తెలుసు, ఫోటోలకి తెలియదు.

మొదటిసారి ఇది చమత్కారంగా అనిపించింది. తిరిగి సైకిల్ ఎక్కాక ఇందులో ఎంత తత్వం ఉందో, ఎంత ప్రమాదం ఉందో రెండూ తెలిశాయి.

2023 అక్టోబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. పైన సోలార్ పలకల కప్పు, కింద నీడ, రాత్రి లైట్లు. కార్ల భయం లేదు. నాలాగా సగం రాత్రి దాకా పనిచేసేవాడికి ఏ వేళకైనా తొక్కుకునే చోటు దొరికింది. మళ్ళీ మొదలుపెట్టాను. పెడల్‌కి తగిలించిన పవర్ మీటర్ మొదటిరోజే నిజం చెప్పేసింది. ఐదేళ్ళ కిందట గంటసేపు 240 వాట్లు తొక్కినవాణ్ణి 180 దగ్గర నోరు తెరిచాను. తప్పు మీటర్‌దేమో అనుకున్నాను. బ్యాటరీ మార్చాను. మళ్ళీ 180. అంక్తీల్ సీసా వెనక జేబులో పెట్టుకున్నట్టు, నేను బ్యాటరీలు మార్చాను.

శిక్షణ ఆపేస్తే శరీరం కొన్ని వారాల్లోనే వెనక్కి పోవడం మొదలుపెడుతుంది. రక్తంలో ద్రవం తగ్గుతుంది, గుండె ఒక్కో దెబ్బకి పంపే రక్తం తగ్గుతుంది, ఊపిరి అందదు. ఇవి కొలవగలిగిన విషయాలు. కానీ కాళ్ళకి మాత్రం పాత జ్ఞాపకాలన్నీ ఉంటాయి. మలుపులో ఎంత వంగాలో తెలుసు, ముందువాడి చక్రానికి జానెడు దూరంలో ఎలా ఉండాలో తెలుసు, ఎక్కడ లేచి తొక్కాలో తెలుసు. లేచి తొక్కుతావు, బలం రాదు. ఉన్న ఇల్లు అమ్మేసి, మర్చిపోయి పాత తాళంచెవితో తలుపు తీయబోయినట్టు ఉంటుంది.

క్రాబే పుస్తకంలో ఈ అనుభవం లేదు. నొప్పి గురించి అంత బాగా రాసినవాడు అది లేకుండా ఎలా రాశాడా అని ఆలోచిస్తే, అతను ఆలస్యంగా వచ్చినవాడే గానీ తిరిగి వచ్చినవాడు కాదు అని అర్థమవుతుంది. ఆలస్యంగా వచ్చినవాడు ప్రతి ఏడూ కాస్త మెరుగవుతాడు. అతని నొప్పికి ఫలితముంటుంది. తిరిగి వచ్చినవాడి ముందు ఎప్పుడూ ఒకడు తొక్కుతుంటాడు, వాడు పాత తనే. వాడు ఆగడు, అలిసిపోడు, స్ట్రావాలో వాడి టైమ్‌లు అలాగే ఉంటాయి. పైగా వాడికి పాప లేదు, రాత్రి కాల్స్ లేవు.

నవలకున్న పెద్ద లోటు కూడా ఇక్కడే కనపడింది. పందేనికి బయట ఉండే సంసారం అందులో దాదాపు రాదు. కథకుడు 309 ఆదివారాలు పందేల్లో గడిపితే ఆ ఆదివారాల్లో అతని ఇంట్లో ఎవరేం చేశారు? నేను మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాక మా ఆవిడ అడిగిన ప్రశ్న ఒకటే: “ఎన్నింటికొస్తావు?” దానికి సరైన జవాబు చెప్పడం ఏ కొండ ఎక్కడం కన్నా తేలిక కాదు. అమెచ్యూర్ ఆట అంటే ఎవరో ఒకరు ఇచ్చిన టైమ్‌తో ఆడే ఆట. ఆ బాకీ గురించి ఒక్క కిలోమీటర్ రాయినైనా కేటాయించి ఉంటే ‘ది రైడర్’ ఇంకా పెద్ద పుస్తకం అయ్యేది.

*

అమెచ్యూర్ అనే మాట ప్రేమించడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. డబ్బు కోసం కాక ఇష్టంకొద్దీ చేసేవాడు. తెలుగులో దీనికి ఔత్సాహికుడు అంటాం. ఔత్సాహిక నాటక సమాజం, ఔత్సాహిక నటులు. ఈమధ్య పేపర్లలో ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఎక్కువైంది: ఔత్సాహిక పారిశ్రామికవేత్త అంటే ఇంకా పారిశ్రామికవేత్త కానివాడు, కావాలని చూస్తున్నవాడు. ఔత్సాహికుడంటే దారిలో ఉన్నవాడు, ఇంకా చేరనివాడు అని. చేరే ఉద్దేశమే లేకుండా జీవితమంతా అలాగే ఉండిపోయేవాడికి మాట కరువైంది.

కానీ అసలు మాటలో చాలా బలముంది. ఉత్సాహం అంటే మనం అనుకునే హుషారు ఒక్కటే కాదు. నాట్యశాస్త్రం లెక్కలో వీరరసానికి స్థాయీభావం ఉత్సాహమే. రసం రావడానికి లోపల నిలకడగా ఉండాల్సిన భావం. ఆ లెక్కన ఔత్సాహికుడంటే చేతకానివాడు కాదు, వీరుడి ముడిసరుకు ఉన్నవాడు. ‘ది రైడర్’ మొదటి పేజీ నుంచి చివరిదాకా నిలబడేది దానిమీదే. గెలుపు వచ్చినా రాకపోయినా ఆ స్థాయి తగ్గదు.

మన సినిమాల్లో ఇది ఎలా వచ్చిందో చూస్తే తమాషాగా ఉంటుంది. 1979లో ‘బ్రేకింగ్ అవే’ అని ఒక అమెరికన్ సినిమా వచ్చింది. పీటర్ యేట్స్ దర్శకుడు. ఇండియానాలోని బ్లూమింగ్టన్ ఊళ్ళో, రాళ్ళు కొట్టేవాళ్ళ పిల్లలు యూనివర్సిటీ కుర్రాళ్ళతో సైకిల్ పందెం తొక్కి గెలుస్తారు. స్టీవ్ టెసిచ్ స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ వచ్చింది. దాని ఛాయలతో 1992లో హిందీలో ‘జో జీతా వహీ సికందర్’ వచ్చింది, అక్కడా సైకిల్ పందెమే. ఆ కథ 1999లో తెలుగులో ‘తమ్ముడు’ అయ్యేసరికి సైకిల్ పోయి కిక్‌బాక్సింగ్ వచ్చింది. పవన్ కళ్యాణ్ చేతుల మీద కార్లు పోనిచ్చుకున్నాడు. నేను ఆ సినిమా పిచ్చి ఉన్న తరంవాణ్ణే, ఫిర్యాదేమీ లేదు. కానీ ఆ మార్పు ఒక సంగతి చెప్తుంది. వీరం అంటే మనకి ఎదురుగా ఒక శత్రువు కావాలి, కొట్టాలి, పడిపోవాలి. సైకిల్ పందెంలో శత్రువు మీ పక్కనే, మీతోపాటు, మీకు గాలి అడ్డం పెడుతూ తొక్కుతుంటాడు. వాడు లేకపోతే మీరూ ముందుకి పోలేరు. అది కొట్టి చూపించగలిగే వీరం కాదు.

మూడు సినిమాల్లోనూ హీరో గెలుస్తాడు. క్రాబే తన పందేన్ని తనే కల్పించుకున్నాడు కదా, కావాలంటే గెలిచేయొచ్చు. గెలవలేదు. చివరి స్ప్రింట్‌లో రెయాన్ అనే కుర్రాడు గెలుస్తాడు. ఎవరి వెనకో దాక్కుని బలం దాచుకునే రకం అని కథకుడు దారిపొడుగునా తిట్టుకున్నవాడే. కథకుడు రెండోవాడు. తన నవలలో తనకే రెండో స్థానం ఇచ్చుకున్న రచయిత మాట నేను నమ్ముతాను.

*

రెండో స్థానం అంటే ఇంకొకటి గుర్తొస్తుంది. 2021 జూలై 25, టోక్యో ఒలింపిక్స్ మహిళల రోడ్ రేస్. 137 కిలోమీటర్లు. ఆస్ట్రియా నుంచి ఒకే ఒక్కామె వచ్చింది, అన్నా కీసెన్‌హోఫర్. వృత్తిరీత్యా గణితంలో పరిశోధకురాలు. కేంబ్రిడ్జ్‌లో చదివి, బార్సిలోనాలో పీహెచ్‌డీ చేసి, ఆ సమయానికి స్విట్జర్లాండ్‌లోని లూసాన్‌లో పనిచేస్తోంది. 2017లో ఒక ప్రొఫెషనల్ జట్టులో చేరి, కుదరక వదిలేసింది. పోటీలకి కొన్నాళ్ళు దూరమైంది. తిరిగి వచ్చినప్పుడు ఏ జట్టూ లేదు, జీతమూ లేదు. తన శిక్షణ, తిండి, లెక్కలు అన్నీ తనే చూసుకుంది.

ఒలింపిక్ సైక్లింగ్‌లోకి 1996 నుంచి ప్రొఫెషనల్స్‌ని అనుమతిస్తున్నారు. అంటే టోక్యోలో ఆమె చుట్టూ ఉన్నది ప్రపంచంలోని మేటి ప్రొఫెషనల్ రైడర్లు. పందెం మొదలవగానే ఆమె దూసుకెళ్ళింది, ఇంకో నలుగురు కలిశారు. గుంపుకీ వీళ్ళకీ ఒక దశలో తేడా పది నిమిషాలు దాటింది. పేరున్నవాళ్ళెవరూ పట్టించుకోలేదు. ఇంకో నలభై కిలోమీటర్లు ఉందనగా ఆమె తోటివాళ్ళని కూడా వదిలేసి ఒంటరిగా వెళ్ళిపోయింది. ఒలింపిక్ రోడ్ రేస్‌లో చెవిలో రేడియోలు ఉండవు. వెనక గుంపు చివర్లో ఇద్దరిని పట్టుకుని, ముందు ఇంకెవరూ లేరనుకుంది. డచ్ ఛాంపియన్ అన్నెమీక్ వాన్ వ్లూటెన్ బంగారం తనదే అనుకుని చేతులెత్తి గీత దాటింది. అప్పటికి కీసెన్‌హోఫర్ గీత దాటి ఒక నిమిషం పదిహేను సెకన్లయింది.

దీన్ని అందరూ అమెచ్యూర్ అద్భుతంగా చెప్పుకుంటారు. నాకు ఆ రెండో స్థానం మీదే దృష్టి పోతుంది. వాన్ వ్లూటెన్‌కి తను ఎక్కడుందో తెలియదు. లెక్క తప్పింది తను ఒక్కతే కాదు, మొత్తం గుంపు. ముందున్న అయిదుగురు తమ స్థాయివాళ్ళు కాదు కాబట్టి వాళ్ళని లెక్కపెట్టలేదు. క్రాబే నవలలో రెండోవాడికి తను రెండోవాడినని క్షణక్షణం తెలుసు. ఎవరు ముందు, ఎవరు వెనక, ఎంత దూరం, తన కాళ్ళలో ఎంత మిగిలింది, అన్నీ తెలుసు. నొప్పిని గొప్ప చేసిన నవల అని పేరు పడింది గానీ, నా రెండో చదువులో ఇది తన చోటు తను కచ్చితంగా తెలుసుకున్నవాడి నవల. ఎంత మామూలువాడో తెలిసీ పూర్తి శ్రద్ధతో తొక్కినవాడి నవల. అంత స్పష్టంగా చూడగలిగినవాడు, మొదటి పేజీలో కుర్చీల్లో ఉన్నవాళ్ళని మాత్రం సరిగ్గా చూడలేకపోయాడు. డచ్ గుంపు చేసిన తప్పే అతనూ చేశాడు: లెక్కలోకి రారనుకున్నవాళ్ళని లెక్కపెట్టలేదు.

*

పోయినేడాది డిసెంబర్‌లో మళ్ళీ నంబర్ కట్టుకున్నాను. వికారాబాద్ రోడ్డు మీద, నలభై కిలోమీటర్ల చిన్న పందెం. పొద్దున్నే చలి. చేవెళ్ళ దాటాక రోడ్డుకి రెండువైపులా ఉన్న ఆ పాత మర్రిచెట్ల కింద నుంచి కారులో వెళ్తూ, క్రాబేలాగా ప్రతిదీ గమనించాలని అనుకున్నాను. ఏమీ గమనించలేదు. కడుపులో తిప్పుతోంది.

తొమ్మిదో కిలోమీటర్ దగ్గర చిన్న ఎత్తు వచ్చింది. కారులో వెళ్ళేవాడికి అది ఎత్తని కూడా తెలియదు. ముందువాడి చక్రానికీ నా చక్రానికీ మధ్య జానెడు ఉండాల్సింది, మూరైంది. మూర బారైంది. గుంపులో ఉంటే మూడోవంతు దాకా శ్రమ తగ్గుతుంది, ఒకసారి బయట పడితే గాలంతా నీదే. గాలితో లెక్క చాలా కఠినం: చదునైన రోడ్డు మీద వేగం పది శాతం పెంచాలంటే బలం ముప్పై శాతం పైన పెంచాలి. గుంపు చప్పుడు దూరమైంది. తేనెటీగలు వెళ్ళిపోయాయి. పొలాల్లో ఎవరో మోటారు ఆన్ చేసిన శబ్దం వినపడింది.

మిగతా ముప్పై ఒక్క కిలోమీటర్లూ ఒక్కణ్ణే తొక్కాను. ఆగిపోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. మీటర్ వైపు చూడకుండా తొక్కాను, తర్వాత చూస్తూ తొక్కాను. పాత నేను ఈపాటికి ఎక్కడ ఉండేవాణ్ణో లెక్క వేయడం ఒకచోట మానేశాను. ఎక్కడో గుర్తులేదు, బహుశా ఇరవై అయిదు తర్వాత. నవలలో చెప్పినట్టు బాధ బహుమతిగా మారిందేమీ లేదు. కాళ్ళు మాత్రం తిరిగాయి.

నేను వచ్చేసరికి రోడ్డు మీద పెట్టిన కోన్లు సగం తీసేశారు. గీత పక్కన టీకొట్టు. రెండు కుర్చీలు. సైకిల్ గోడకి ఆనించి ఒకదాంట్లో కూలబడ్డాను. టీకొట్టాయన గ్లాసు చేతికిస్తూ అడిగాడు.

“ఫస్టొచ్చిండ్రా సార్?”

“లేదన్నా. ఆఖర్నుంచి నాలుగు.”

ఆయన రోడ్డు చివరిదాకా ఒకసారి చూశాడు. “అయితే ఇంక ముగ్గురు రావాలె గదా,” అని, దించబోయిన పాలగిన్నె మళ్ళీ పొయ్యి మీదే పెట్టాడు.

నేను రెండో కుర్చీని రోడ్డువైపు తిప్పాను. టీ తాగుతూ వాళ్ళకోసం చూస్తూ కూర్చున్నాం, ఇద్దరం.